మధ్యలో ఆపితే ఓటమేనా?

అమెరికాలో లక్షల మంది పిల్లలు హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదువుతున్నారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. కోర్సు మోయలేనంత బరువైనప్పుడు వదిలేయాలా, చివరిదాకా లాగాలా అన్నది ఏటా ఎన్నో ఇళ్లలో నిద్రపట్టనివ్వని ప్రశ్న. దానికి జవాబు పిల్లవాడి సిలబస్ కాగితంలో, కాలేజీ క్యాలెండర్‌లో దొరుకుతుంది.

మనకు దసరా సెలవులు ముగిసి బడులు తెరుచుకునే రోజుల్లో, అమెరికాలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఒక తేదీ గురించి మల్లగుల్లాలు మొదలవుతాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో అయితే మరీను. బడికి వెళ్తూనే తీసుకున్న కాలేజీ కోర్సు పిల్లవాడికి తలకెక్కడం లేదు. రెండు పరీక్షల్లో మార్కులు పడిపోయాయి. ఇంకొన్ని రోజుల్లో ‘విత్‌డ్రా’ గడువు ముగుస్తుంది. అలాంటప్పుడు ఇంట్లో మాటలు దాదాపు ఇలాగే ఉంటాయి.

“నాన్నా, ఈ క్లాస్ విత్‌డ్రా అయిపోతాను.”

“ఇంకో నెల ఓపిక పడితే అయిపోతుంది కదరా. ఇంతదాకా వచ్చి వదిలేస్తారా ఎవరైనా?”

“ఓపికతో అయ్యేది కాదు నాన్నా. సీ గ్రేడ్ కూడా వచ్చేట్టు లేదు.”

“ఆ డబ్ల్యూ అనేదేదో పడితే రేపు కాలేజీవాళ్లు అడగరటండీ?” అని వంటింట్లోంచి అమ్మ.

ఎవరి భయం వాళ్లది. మూడు భయాలకూ కారణం ఉంది. కాకపోతే ఇది భయాలతో తేలే వ్యవహారం కాదు. సిలబస్, క్యాలెండర్, కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే లెక్క. చిక్కల్లా ఆ పూట గడువు దాటాక వస్తుండటమే.

ఒకే చదువు, రెండు ఖాతాలు

హైస్కూల్ పిల్లలు కాలేజీ కోర్సు చదివి, అదే కోర్సుకు ఇటు బడిలోనూ అటు కాలేజీలోనూ క్రెడిట్ సంపాదించుకునే పద్ధతిని డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. టెక్సస్‌లో దీని పేరు డ్యూయల్ క్రెడిట్. ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. సిరక్యూస్ యూనివర్సిటీ 1972లోనే ‘ప్రాజెక్ట్ అడ్వాన్స్’ పేరుతో హైస్కూళ్లలో తన కోర్సులు చెప్పించడానికి పూనుకుంది. 1985లో మిన్నెసోటా దీన్ని రాష్ట్రమంతటికీ వర్తించే చట్టంగా చేసింది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం ‘రన్నింగ్ స్టార్ట్’ తెచ్చింది. ఇప్పుడు దేశం మొత్తమ్మీద ఏడాదికి 25 లక్షల మందికి పైగా హైస్కూల్ విద్యార్థులు ఇలా చదువుతున్నారు. కమ్యూనిటీ కాలేజీల్లో నమోదైన ప్రతి ఐదుగురిలో ఒకరు ఇంకా హైస్కూల్ దాటనివారే.

క్లాసు కొన్నిచోట్ల బడిలోనే జరుగుతుంది, కొన్నిచోట్ల కాలేజీ క్యాంపస్‌లో, ఇంకొన్నిచోట్ల ఆన్‌లైన్లో. టెక్సస్‌లో ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301, గవర్నమెంట్ 2305, కాల్‌క్యులస్ అయితే మ్యాథ్ 2413... ఇలా చాలా కాలేజీలకు ఒకే వరస నంబర్లు ఉంటాయి. ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల మధ్య 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులమ్ బదిలీ అవుతుంది. డిగ్రీలో చేరేనాటికే ఏడాది చదువు చేతిలో ఉంటే ఒక ఏడాది ఫీజు మిగులుతుంది. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం అందదు కాబట్టి, మన కుటుంబాల్లో చాలామందికి ఈ మిగులు చిన్న విషయం కాదు.

అయితే సౌకర్యంతో పాటు ఒక మెలిక ఉంది. పదహారేళ్ల పిల్లవాడు బడిలో కూర్చుని రాసిన కాలేజీ పరీక్ష, వాడి శాశ్వత కాలేజీ రికార్డులో మొదటి పేజీ అవుతుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో ఈ ఇబ్బంది లేదు. అక్కడ మే నెలలో జరిగే ఒక్క పరీక్షకు 1 నుంచి 5 దాకా స్కోరు వస్తుంది. అది బాగా రాకపోతే కాలేజీలకు పంపకుండా ఊరుకోవచ్చు. డ్యూయల్ క్రెడిట్‌లో సెమిస్టర్ పొడుగునా తెచ్చుకున్న గ్రేడే రికార్డుకెక్కుతుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ నడిపే ‘ఆన్‌ర్యాంప్స్’ లాంటివి దీనికి మినహాయింపు. అందులో బడి గ్రేడు వేరు, కాలేజీ గ్రేడు వేరు. చివర్లో కాలేజీ గ్రేడు చూసుకున్నాక క్రెడిట్ తీసుకోవాలో వద్దో విద్యార్థే తేల్చుకోవచ్చు. పిల్లవాడు చేరింది ఏ రకం కోర్సులో తెలియకుండా వదిలే మాట ఎత్తకూడదు.

డ్రాప్ వేరు, విత్‌డ్రా వేరు

ఇళ్లలో ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. కాలేజీ రికార్డుల్లో వాటి మధ్య చాలా తేడా ఉంది.

ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలైందనుకుందాం. టెక్సస్‌లో పూర్తి సెమిస్టర్ కోర్సులకు పన్నెండో పనిదినం ‘సెన్సస్ డేట్’. అంటే సెప్టెంబరు మొదటి పక్షంలోనే వచ్చేస్తుంది. వేసవిలో ఐదారు వారాల్లో ముగిసే కోర్సులకైతే నాలుగో రోజే. ఆలోగా బయటికొస్తే అది డ్రాప్. కాలేజీ గ్రేడ్ల రికార్డు అయిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ కోర్సు పేరే కనబడదు.

సెన్సస్ డేట్ దాటాక బయటికొస్తే అది విత్‌డ్రా. కోర్సు పేరు ఉంటుంది, గ్రేడ్ ఉండాల్సినచోట డబ్ల్యూ ఉంటుంది. జీపీఏ లెక్కలోకి అది రాదు. కట్టిన డబ్బు మాత్రం మామూలుగా తిరిగిరాదు. దీనికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది. ఫాల్ సెమిస్టర్‌కైతే సాధారణంగా అక్టోబరు చివరికీ నవంబరు మధ్యకీ నడుమ పడుతుంది. అది కూడా దాటితే ఏ గ్రేడ్ వస్తే అదే ఖాయం.

మన పిల్లలు తరచూ పొరబడేది ఇంకొకచోట. క్లాసుకు వెళ్లడం మానేస్తే కోర్సు వదిలేసినట్టే అనుకుంటారు. అది విత్‌డ్రా కిందికి రాదు. ఫారం నింపి ఇవ్వకపోతే సెమిస్టర్ చివర ఎఫ్ పడుతుంది. ఆ ఫారం మీద చాలాచోట్ల హైస్కూల్ కౌన్సెలర్ సంతకం, తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. ఆఖరి రోజు సాయంత్రం కౌన్సెలర్ ఇంటికి వెళ్లిపోయాక గుర్తొస్తే చేసేదేమీ లేదు.

రెండో ఖాతాను కూడా మరవకూడదు. ఇంగ్లిష్ 1301 బడిలో ఇంగ్లిష్ సబ్జెక్టుకు బదులుగా నడుస్తుంటుంది. కాలేజీ కోర్సు వదిలేస్తే బడిలో ఇంగ్లిష్ క్రెడిట్ ఖాళీ అయిపోతుంది. హైస్కూల్ పాసవ్వడానికి అది తప్పనిసరి. సెమిస్టర్ నడిమధ్యలో మామూలు ఇంగ్లిష్ క్లాసులో చోటు ఇస్తారా? ఇప్పటిదాకా వచ్చిన మార్కుల్ని అక్కడికి మోసుకెళ్తారా? బడి రికార్డులో ఏమని రాస్తారు? ఈ మూడింటికీ ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక్కో జవాబు. పైగా కాలేజీ గడువు, బడి గడువు ఒకే రోజున ఉండాలన్న నియమమేమీ లేదు.

బ్యాక్‌లాగ్ అలవాటు

ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఇక్కడ ఇంటర్ ఎంపీసీ చదివి, ఇంజినీరింగ్ చేసి వెళ్లినవారు. వాళ్ల అనుభవంలో సబ్జెక్టు పోవడమంటే మళ్లీ రాసుకోవడమే. ఇంటర్లో మార్కులు చాలకపోతే ఇంప్రూవ్‌మెంట్, తప్పితే సప్లిమెంటరీ. ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగ్. ఎప్పటికో అప్పటికి క్లియర్ చేసి సర్టిఫికెట్ చేతికి తీసుకుంటే సరి. మధ్యలో వదలడమన్నది మాత్రం ఆ చదువులో లేదు. ఉన్నదల్లా హాజరు చాలక డిటెయిన్ కావడమే. అందుకే ‘ఎలాగోలా పరీక్ష రాసెయ్, తర్వాత సంగతి తర్వాత చూద్దాం’ అన్న మాట వాళ్ల నోట అలవోకగా వస్తుంది.

అమెరికాలో లెక్క తలకిందులు. పరీక్ష తిరిగి రాసే పద్ధతి ఉండదు. కోర్సు మొత్తం, మళ్లీ డబ్బు కట్టి, మొదట్నుంచీ చదవాలి. అలా చదివి మంచి గ్రేడ్ తెచ్చుకున్నా మొదటి గ్రేడ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ సిగ్గుపడాల్సిన పని అక్కడ మామూలు దారి. ఇక్కడ సర్దుకుపోయే పని అక్కడ ఏళ్ల తరబడి వెంటాడే గ్రేడు. నాన్న సలహాలో ప్రేమకు లోటుండదు. అది వేరే విశ్వవిద్యాలయం నియమాల ప్రకారం ఇచ్చిన సలహా, అంతే.

కాగితం మీద పెట్టి చూడండి

ఒక మామూలు సిలబస్ తీసుకుందాం. మూడు పరీక్షలు, ఒక్కోదానికి 20 శాతం. హోంవర్కుకు 15. ఫైనల్‌కు 25. అక్టోబరు చివరికి రెండు పరీక్షలు అయ్యాయి. నూటికి 52, 58 వచ్చాయి. హోంవర్కు మాత్రం బాగా చేస్తున్నాడు, 90 అనుకోండి.

మొదటి పరీక్ష నుంచి 10.4, రెండోదాన్నుంచి 11.6, హోంవర్కు నుంచి 13.5. మొత్తం 35.5 చేతిలో ఉన్నాయి. మిగిలింది ఒక పరీక్ష, ఫైనల్. రెండూ కలిపి 45. సీ గ్రేడ్‌కు 70 కావాలంటే ఆ 45లో 34.5 తెచ్చుకోవాలి. అంటే సగటున నూటికి 77. బీ గ్రేడ్‌కు 80 కావాలంటే 44.5 రావాలి. అది దాదాపు నూటికి 99.

ఇప్పుడు ప్రశ్న సూటిగా ఉంది. ఇప్పటిదాకా యాభైల్లో ఉన్న కుర్రాడు, అంతకంటే కష్టమైన పాఠాల మీద 77 తెచ్చుకోగలడా? తెచ్చుకోగలడంటే దేని ఆధారంతో? మొదటి పరీక్షప్పుడు జ్వరం వచ్చిందా, ట్యూటరింగ్ ఈమధ్యే మొదలుపెట్టాడా, ప్రొఫెసర్ తక్కువ మార్కులొచ్చిన పరీక్షను లెక్కలోంచి తీసేస్తానన్నాడా? ఆధారం ఉంటే ఉండొచ్చు. ‘ఈసారి గట్టిగా చదువుతా’ అన్నది ఆధారం కాదు.

రెండో లెక్క జీపీఏది. అదే కుర్రాడు మరో రెండు కాలేజీ కోర్సుల్లో ‘ఏ’ గ్రేడ్ తెచ్చుకున్నాడు. అన్నీ మూడేసి క్రెడిట్లే. ఈ కోర్సును విత్‌డ్రా చేస్తే కాలేజీ జీపీఏ 4.0గానే ఉంటుంది. లాగి సీ తెచ్చుకుంటే 3.33. డీ పడితే 3.0. ఎఫ్ పడితే 2.67. హైస్కూల్ గడప దాటకముందే ఈ అంకె రికార్డుకెక్కిపోతుంది.

ఎంతదూరం వెంటాడుతుంది?

డాక్టరు కావాలనుకునే పిల్లలున్న ఇంట్లో ఇది మరింత జాగ్రత్తగా చూడాల్సిన విషయం. అక్కడి మెడికల్ కాలేజీల్లో అత్యధిక భాగం దరఖాస్తులు తీసుకునే ‘ఆమ్‌కాస్’, హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సుల ట్రాన్‌స్క్రిప్ట్‌నూ అడుగుతుంది. ఆ గ్రేడ్లు జీపీఏలో కలుస్తాయి. ఒకే కోర్సును రెండుసార్లు చదివితే రెండు గ్రేడ్లనూ లెక్కేస్తుంది. పదహారేళ్ల వయసులో కెమిస్ట్రీలో పడ్డ డీ, ఇరవై రెండేళ్లకు దరఖాస్తు నింపేటప్పుడు మళ్లీ ఎదురవుతుంది. డబ్ల్యూ కూడా అందులో కనబడుతుంది, కానీ సగటును తగ్గించదు. ఒకటుంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వరసగా నాలుగుంటే మాత్రం ప్రశ్నలు తప్పవు.

టెక్సస్‌లో ఇంకో భయం ప్రచారంలో ఉంది. ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి వదలకూడదని చట్టం ఉన్నమాట నిజమే. హైస్కూల్లో ఉండగా వదిలిన డ్యూయల్ క్రెడిట్ కోర్సులు ఆ ఆరింట్లోకి రావు. ఆ ఒక్క భయంతో పిల్లవాణ్ని కూర్చోబెట్టాల్సిన పనిలేదు.

ఆర్థిక సాయం సంగతి వేరు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి, ముందుముందు అదే కాలేజీలో ఫెడరల్ సాయంతో చదవబోయే పిల్లలకు డబ్ల్యూ కొంత బరువే. చాలా కాలేజీలు మొదలుపెట్టిన క్రెడిట్లలో 67 శాతమైనా పూర్తి చేయాలంటాయి. జీపీఏలోకి రాని డబ్ల్యూ ఈ లెక్కలో ‘మొదలుపెట్టి పూర్తిచేయనిది’గా చేరుతుంది. ఎఫ్ అయితే ఈ లెక్కనూ జీపీఏనూ రెండింటినీ దెబ్బకొడుతుంది.

పన్నెండో తరగతి పిల్లలకు మరొకటి. యూనివర్సిటీలకు దరఖాస్తులో ‘ఈ ఏడాది ఈ కోర్సులు చదువుతున్నాను’ అని రాసిస్తారు. తర్వాత ఏదైనా వదిలితే ఆ సంగతి తెలియజేయాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే కోర్సు వదిలినా, డీ, ఎఫ్ వచ్చినా చెప్పి తీరాలంటుంది. చెప్పి వదిలినవాడికి సంజాయిషీతో పోవచ్చు. దాచినవాడికి వచ్చిన సీటే పోవచ్చు.

ర్యాంకు కోసం కట్టిన మూట

పిల్లలు మోయలేనన్ని కాలేజీ కోర్సులు నెత్తికెత్తుకోవడానికి అసలు కారణం చాలాసార్లు చదువు మీద ఆసక్తి కాదు, క్లాస్ ర్యాంకు. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూల్లో తొలి పది శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ మాత్రం చాలాకాలం ఆరు శాతం దగ్గర గీత గీసి, 2026లో చేరేవారికి దాన్ని ఐదు శాతానికి దించింది. వందలమంది చదివే బడిలో, సగానికి సగం ఇళ్లలో ఇదే ఆశ ఉన్నచోట, దశాంశ స్థానాల్లో ర్యాంకులు తారుమారవుతాయి. డ్యూయల్ క్రెడిట్‌కు అదనపు పాయింట్లు వచ్చే డిస్ట్రిక్టుల్లో ‘పక్కింటి వాళ్ల అమ్మాయి మూడు తీసుకుంది’ అన్న ఒక్క మాట చాలు, మన పిల్లవాడు నాలుగు తీసుకోవడానికి.

మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి మూడు గంటల క్లాసు, దాని మీద ఆరు గంటల సొంత చదువు. అది పదహారు వారాల కోర్సుకు. ఎనిమిది వారాల్లో ముగిసేదైతే వారానికి పద్దెనిమిది గంటలు. అలాంటివి రెండు తీసుకున్న పిల్లకు బడి మామూలే, రోబోటిక్స్ మామూలే, శనాదివారాల్లో కూచిపూడి, మనబడి తెలుగు క్లాసులు మామూలే. ఒక కోర్సు వదలడం గురించి మాట్లాడేముందు ఈ గంటలన్నీ కూడి చూడండి. కొన్నిసార్లు వదలాల్సింది కోర్సు కాకపోవచ్చు.

ఫోన్ చేస్తే చెప్పరు

మన దగ్గర కాలేజీకి ఫోన్ చేసి ‘మా వాడి అటెండెన్స్ ఎంత?’ అని అడిగితే చెబుతారు. అక్కడ ప్రొఫెసర్‌కు మెయిల్ పెడితే ‘మీతో చర్చించలేను’ అని మర్యాదగా జవాబొస్తుంది. 1974 నాటి ‘ఫెర్పా’ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి వయసెంతైనా సరే, ఆ కాలేజీ రికార్డు మీద హక్కు విద్యార్థిదే. పిల్లవాడు రాసిస్తేనో, చట్టంలో ఉన్న కొద్ది మినహాయింపుల కిందనో తప్ప తల్లిదండ్రులకు చెప్పరు. బడిలో ఉన్న వివరాలు కౌన్సెలర్ దగ్గర అడగొచ్చు.

దీని పర్యవసానం ఇళ్లలో ఎక్కువమందికి తట్టదు. గడువు గుర్తుచేసే మెయిళ్లు తల్లిదండ్రులకు రావు. పిల్లవాడి కాలేజీ మెయిల్‌కు వస్తాయి. బడి మెయిల్ రోజూ చూసే పిల్లలు ఆ రెండో మెయిల్ వారాల తరబడి తెరవరు. అంటే ఇంట్లో పెద్దవాళ్లకు నిజం తెలియాలంటే పిల్లవాడు నోరు తెరవాలి. మొదటి పరీక్షలో 52 వచ్చిన రోజే తెరవాలి. ఆ మాట చెప్పగలిగే వాతావరణం ఇంట్లో లేకపోతే ఏ క్యాలెండరూ కాపాడదు.

వదలకూడని సందర్భాలు

అన్ని కష్టాలకూ విత్‌డ్రా మందు కాదు. లెక్కలో బీ గాని, ధీమాగా సీ గాని కనబడుతుంటే, ఆ కోర్సు తను చదవబోయే డిగ్రీకి కీలకం కాకపోతే, నిలబడటమే మేలు. రచన మీద ఎర్రసిరా చూసి నొచ్చుకున్నాడనో, ఇంతవరకూ అన్నింట్లో ‘ఏ’ గ్రేడే తెచ్చుకున్న అమ్మాయికి మొదటిసారి బీ వస్తోందనో వదిలేయడం తొందరపాటు. కాలేజీ ప్రొఫెసర్ బడి టీచర్‌లా పిలిచి అడగడు. ఆఫీస్ అవర్స్‌లో మనమే వెళ్లి తలుపు తట్టాలి. కాలేజీ ట్యూటరింగ్ కేంద్రానికి ఒక్కసారీ వెళ్లనివాడు కోర్సు కష్టమని తేల్చడానికి ఇంకా టైముంది.

అదే డిగ్రీకి పునాది అయ్యే సబ్జెక్టు, ఇంజినీరింగ్‌కు వెళ్లబోయేవాడి కాల్‌క్యులస్ లాంటిది, అర్థం కాకుండానే సీతో గట్టెక్కితే ముందు కోర్సు మరింత కఠినంగా తగులుతుంది. అక్కడ పదిహేడేళ్లకు వదిలి, పద్దెనిమిదేళ్లకు కాలేజీలో కుదురుగా చదువుకోవడం వెనకబడటం కాదు. ఆ కోర్సు సహజంగా చదవాల్సిన వయసు అదే.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి

కాలేజీలో: డ్రాప్ గడువు, విత్‌డ్రా గడువు ఏ తేదీలు? ఫారం ఎక్కడ, ఎవరి సంతకాలు కావాలి? డబ్బు ఏమైనా తిరిగొస్తుందా?

ప్రొఫెసర్‌ను (పిల్లవాడే వెళ్లి): ఇప్పుడు నా గ్రేడ్ ఎంత? మిగిలినవాటిలో ఎంత వస్తే సీ, ఎంత వస్తే బీ? నా స్థానంలో ఉంటే మీరు ఏం చేస్తారు?

హైస్కూల్ కౌన్సెలర్‌ను: ఈ క్రెడిట్ బదులు ఏ క్లాసులో వేస్తారు? బడి ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏం పడుతుంది? ర్యాంకు మీద ప్రభావం ఎంత? యూనివర్సిటీలకు ఎవరు తెలియజేయాలి?

ఇంట్లో: ఈ కోర్సు ఎందుకు తీసుకున్నాం? ఆ కారణం ఇంకా ఉందా?

ఈ జవాబులన్నీ గడువుకు కనీసం వారం ముందు చేతిలో ఉండాలి. లెక్క డీ వైపు మొగ్గితే డబ్ల్యూనే మేలైన గ్రేడు. సీకీ బీకీ మధ్య ఊగుతుంటే నిలబడి చదవడమే మేలు. రెండిట్లో ఏది చేసినా, ఆ మాట పిల్లవాడి నోట రావాలి. కాలేజీ రికార్డు వాడి పేరు మీద ఉంది కదా.

ఇక్కడున్న అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఒక మనవి. రేపు వీడియో కాల్‌లో మనవడు ‘ఒక క్లాస్ వదిలేశాను’ అంటే కంగారుపడకండి. ‘ఎందుకు వదిలేశావు?’ అని వెంటనే అడక్కండి. ‘లెక్క చూసుకునే చేశావా నాన్నా?’ అని అడగండి. చూసుకునే చేశానంటే, ఇంకేమీ అనకుండా మెచ్చుకోండి.